అరచేతిలో సున్న

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1826 మార్చి 10న తన ఏలుబడిలోని బడుల లెక్క తేల్చి రాశాడు: 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. ఆ కాగితానికి రెండు వందల ఏళ్లు నిండే వేళకే మన పిల్లల లెక్కలకు ఇంకో గడువు ముంచుకొచ్చింది. 2021 జులైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్ ప్రకారం 2026-27 కల్లా మూడో తరగతి పిల్లలందరికీ 9999 దాకా సంఖ్యలు చదవడం, రాయడం, చిన్న చిన్న గుణకారాలు చేయడం రావాలి. అంటే స్థానవిలువలు, ఎక్కాలు. ఈ రెండూ మన నేల మీద పిల్లలకు ఎలా అబ్బేవో ఓసారి వెనక్కి వెళ్లి చూడాలనిపించింది.

ఒక్కో స్థానం జరిగేకొద్దీ విలువ పదింతలవుతుందని అయిదో శతాబ్దం చివర్లో ఆర్యభటుడు చెప్పాడు. తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో 24 స్థానాలకు పేర్లు పెట్టాడు. గుణకారంలో ఆయన చూపించిన అందం ఇప్పటికీ పిల్లల ముందు పెట్టదగినది. 152207ను 73తో హెచ్చవేస్తే వరసగా ఎనిమిది ఒకట్లు హారంలా వస్తాయి. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ తర్వాత కొన్ని శతాబ్దాల పాటు లెక్క తాటాకు మీద కన్నా నోటి మీదే ఎక్కువ నడిచింది. కరణం కచేరీలో, అంగడిలో, కళ్లం దగ్గర నడిచింది.

నాకు మనసుకు దగ్గరైన ఘట్టం బళ్లారి జిల్లాది. నేటి అనంతపురం అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. 1822లో మన్రో బడుల వివరాలు పంపమని కలెక్టర్లందరినీ ఆదేశిస్తే, చాలామంది పట్టికలు నింపి ఊరుకున్నారు. బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ మాత్రం 1823 ఆగస్టులో బడిని కళ్లకు కట్టేలా రాశాడు. అంతకు ఏడేళ్ల ముందే తెలుగు వ్యాకరణం అచ్చువేసిన మనిషి ఆయన. ఆయన లెక్కకు 533 బడులు, 6,641 మంది పిల్లలు తేలారు.

పొద్దున్నే బడికి అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి అరచేతిలో సున్న. మెప్పూ లేదు, తప్పూ లేదు అని దాని అర్థం. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చేవాళ్లకు ఒక్కోటి ఎక్కువ. ఆ దెబ్బలను నేను సమర్థించను. వాటి భయానికే బడి మానేసిన పసివాళ్లు ఎందరుంటారో! ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మందేనన్నదీ మరవకూడదు. అయినా తన వరస ఎంతో, ఆ వరసకు విలువ ఎంతో పిల్లవాడికి పొద్దున్నే ఒంటికి తెలిసిపోయేది.

అక్షరాలు ఇసుకలో వేలితో దిద్దేవారు. చేయి తిరిగాక కడితం ఇచ్చేవారు. గుడ్డకు గంజి పెట్టి, మడతలు వేసి, బొగ్గూ జిగురూ పూసిన నల్లటి పలక అది. దాని మీద బలపంతో రాసి తడిగుడ్డతో తుడిచేవారు. తర్వాత కూడికల పట్టీ, నూరు దాకా లెక్కపెట్టడం, డబ్బు కూడికలు, తీసివేతలు, ఆపైన గుణకారం. భిన్నాల దగ్గర పంతుళ్లు పడే శ్రమను కాంప్‌బెల్ ప్రత్యేకంగా చెప్పాడు. ఆ భిన్నాలు పదేసి వంతులుగా కాక నాలుగేసి వంతులుగా దిగేవి. ముప్పావు, అర, పావు. పావులో పావు వీసం. వీసంలో మళ్లీ పావు.

ఈ నాలుగింతల లెక్కకు తెలుగులో వేరే గుర్తులే ఉండేవి. పావు స్థానంలో నిలువు గీతలు, వీసం స్థానంలో అడ్డగీతలు, దాని కింది స్థానంలో మళ్లీ నిలువు. ఏ స్థానంలోనూ మూడు గీతలకు మించవు. నాలుగోది వచ్చిందంటే పై స్థానానికి పోవాల్సిందే. స్థానం మారితే గీత దిశ కూడా మారడం వల్ల పిల్లవాడికి తేడా కంటికే కనిపిస్తుంది. స్థానవిలువ నేర్పడానికి ఇంతకన్నా చక్కని సాధనం నాకు తెలియదు. ఇంటికొస్తే చేతిలోని డబ్బూ అదే చెప్పేది: రూపాయిలో నాలుగో వంతు పావలా, పావలాలో నాలుగో వంతు అణా, అణాలో నాలుగో వంతు పైసా. రోజుకు రెండుసార్లు పిల్లలంతా వరసగా నిలబడి ఎక్కాలు, భిన్నాలు, కొలతలు పెద్ద పిల్లల వెంట గొంతెత్తి చెప్పేవారు. పద్యాలను అర్థం తెలియకుండా వల్లిస్తున్నారని కాంప్‌బెల్ బాధపడ్డాడు గానీ, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు నేర్పే పద్ధతిని మాత్రం మెచ్చుకున్నాడు.

మన్రో 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. వీధిబడులూ తర్వాతి దశాబ్దాల్లో పలచబడ్డాయి. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలు వచ్చాయి. వెనకే కిలోలు, మీటర్లు వచ్చాయి. లెక్క సులువైంది, మంచిదే. కానీ పావు ఎక్కం, ముప్పావు ఎక్కం బడి నుంచి వెళ్లిపోయాయి. ఆ నిలువు, అడ్డ గీతలకు 2008లో యూనికోడ్‌లో చోటు దక్కేనాటికి వాటిని చదవగలిగినవాళ్లే అరుదు.

ఆ తర్వాతి కథ ఒక దారిలో సాగదు. పుల్లల కట్టలు వచ్చాయి, పూసల చట్రాలు వచ్చాయి, క్యాలిక్యులేటర్లు వచ్చాయి. తెలంగాణలో 2022లో చదువు, లెక్కల పునాది కోసం తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది. "రెండు మూళ్ల ఆరు" పోయి "టూ త్రీజా సిక్స్" వచ్చింది. అసర్ 2024 సర్వేలో, పది అప్పు తెచ్చుకుని చేసే రెండంకెల తీసివేత దేశం మొత్తం మీద మూడో తరగతి గ్రామీణ పిల్లల్లో సుమారు మూడో వంతు మందికే వచ్చింది. ఎక్కం మానేసి అర్థం చెప్పాలని కొందరు, అర్థం తర్వాత చూద్దాం ముందు ఎక్కం రానివ్వమని ఇంకొందరు వాదిస్తున్నారు. ఈ వాదన పిల్లలకు చేటు అని నా గట్టి నమ్మకం. 23ను 14తో హెచ్చవేయాలంటే 23ను ఇరవైగా, మూడుగా, 14ను పదిగా, నాలుగుగా విడదీయడం తెలియాలి. ఆ వెంటనే ఇరవై నాలుగుల ఎనభై, మూడు నాలుగుల పన్నెండు అని నోటికి రావాలి. 200, 80, 30, 12 కలిపి 322 చేయడానికి పిల్లలకు అర్థమూ ఎక్కమూ రెండూ కావాలి, ఒకే పీరియడ్‌లో కావాలి.