గోబర్ గ్యాస్ నుంచి సీబీజీ దాకా: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్

పెండ, కూరగాయల తుక్కు, వరిగడ్డి గాలి తగలని చోట మురిగితే పుట్టేది బయోగ్యాస్. అందులో మీథేన్ 50 నుంచి 65 శాతం ఉంటుంది. మిగిలింది చాలావరకు కార్బన్ డయాక్సైడ్. దాన్నీ, కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌నూ తీసేసి, మీథేన్‌ను 90 శాతం దాటించి, సిలిండర్లలో ఒత్తి నింపితే సీబీజీ (కంప్రెస్డ్ బయోగ్యాస్). సీఎన్‌జీ బండ్లు దీనితోనూ నడుస్తాయి.

1897లోనే బొంబాయి మాటుంగా కుష్ఠురోగుల ఆశ్రమంలో మురుగు నుంచి గ్యాస్ తీశారు. పల్లెలకు పనికొచ్చే తేలే డ్రమ్ము నమూనాను 1950ల మొదట్లో జష్‌భాయ్ పటేల్ రూపొందించగా, ఖాదీ కమిషన్ ప్రచారంలోకి తెచ్చింది. 1981-82లో కేంద్రం జాతీయ బయోగ్యాస్ పథకం మొదలుపెట్టింది. 1984లో ఇటుక గుమ్మటంతో, ఇనుము ఖర్చు లేని 'దీనబంధు' నమూనా వచ్చింది.

డ్రమ్ము రకం ఇంటి ప్లాంటులో పెండకు సమానంగా నీళ్లు కలిపి, గడ్డిపోచలు ఏరేసి తొట్టిలో పోస్తారు. గ్యాస్ నిండేకొద్దీ ఇనుప డ్రమ్ము పైకి లేస్తుంది, పొయ్యి వెలిగిస్తే దిగుతుంది. ఘనమీటరు గ్యాస్‌కు 25 కిలోల పెండ కావాలి. ఈ ప్లాంట్లు మూలపడటానికి కారణం యంత్రంలో కన్నా కొట్టంలోనే ఉంది. ట్రాక్టర్లతో ఎడ్లు తగ్గాయి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన దీపం పథకం పేద ఇళ్లకు వంటగ్యాస్ చేరవేయసాగింది. ఇక రోజూ పెండ కలిపే ఓపిక ఎవరికుంటుంది?

మలి దశలో ముడిసరుకు ఒకేచోట దొరికే తావులకు ప్రాధాన్యం వచ్చింది. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) పరిజ్ఞానంతో కట్టిన ప్లాంటు రోజుకు 10 టన్నుల తుక్కు నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల ఇంధనం ఇస్తుందని 2021 జనవరిలో ప్రధాని 'మన్ కీ బాత్'లో చెప్పారు. అంతకుముందు 2018 అక్టోబరులో చమురు కంపెనీలు సీబీజీ కొనేలా కేంద్రం 'సతత్' పథకం తెచ్చింది.

2016లో ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి విడివడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లతో వరి పెరిగింది, గడ్డీ పెరిగింది. కానీ వరిగడ్డిలోని లిగ్నిన్, సిలికా సూక్ష్మజీవులకు తొందరగా లొంగవు. ముందు సన్నగా నరకాలి. వనపర్తి వేరుశనగ పొట్టు ఇంకా మొండిది, బాయిలర్లో కాల్చుకోవడమే మేలు. పైగా గడ్డి కోతలప్పుడే దొరుకుతుంది, ప్లాంటుకు ఏడాది పొడవునా మేత కావాలి. అందుకే కోత అవగానే గడ్డిని బేళ్లు కట్టి, తడవకుండా దాచే ఏర్పాటే ఇక్కడ మొదటి ఖర్చు.