జపాను పెద్ద చదువుల్లో ఆడపిల్లలు

ఇంట్లో పిల్ల ఇంటర్ పాసయిందంటే చాలు, ఇరుగుపొరుగు అడిగే మొదటి ప్రశ్న "ఏ కాలేజీలో సీటొచ్చింది?" అని. ర్యాంకులు ఇప్పుడు పిల్లలకే కాదు, విశ్వవిద్యాలయాలకూ వచ్చాయి. ప్రపంచం మొత్తంమీద ఇది ఒకటోది, ఇది రెండోది అని వరస పెడుతున్నారు. ఆ వరసలో తమవి ముందుండాలని ప్రభుత్వాలు డబ్బు గుమ్మరిస్తున్నాయి. ఇదేదో కొత్త మోజు అనుకుంటాం గాని, జపాను వాళ్ళు ఈ పనికి నూట యాభై ఏళ్ళ కిందటే పూనుకున్నారు. అందులో ఆడవాళ్ళ పాలు ఎంత అన్నది మనకు కావలసిన సంగతి.

1868లో జపానులో షోగున్ల పాలన పోయి మెయిజీ చక్రవర్తి ప్రభుత్వం వచ్చింది. పడమటి దేశాల ఓడలూ, ఫిరంగులూ చూసిన కొత్త ఏలికలకు ఒకటే బెంగ, వాళ్ళతో సమానం కాకపోతే బతకలేమని. అంచేత 1871 చివర్లో ఇవాకురా అనే పెద్దమనిషి నాయకత్వాన ఒక రాయబార బృందాన్ని అమెరికాకు, ఐరోపాకు పంపారు. ఆ ఓడలో ఐదుగురు ఆడపిల్లలు కూడా ఉన్నారు. పదేళ్ళు అమెరికాలో ఉండి చదువుకు రమ్మని సర్కారు ఖర్చుమీద పంపారు. అందరిలోకీ చిన్నది త్సుదా ఉమెకో, ఆరేళ్ళ పిల్ల! మన ఇళ్ళల్లో ఆ వయసు పిల్లను పక్క ఊళ్ళో మేనత్త ఇంటికి పంపాలన్నా నాలుగుసార్లు ఆలోచిస్తాం. మరొక పిల్లకు పదకొండేళ్ళు, యమకవ వాళ్ళ అమ్మాయి. ప్రయాణానికి ముందు తల్లి ఆ పిల్ల పేరు సుతెమత్సు అని మార్చింది. 'వదులుకుంటున్నాను, ఎదురు చూస్తాను' అన్న అర్థం వస్తుందట ఆ పేరుకి. ఆ తల్లి మనసు మనకు వేరే చెప్పాలా?

ఐదుగురిలో పెద్దవాళ్ళిద్దరూ జబ్బుచేసి త్వరలోనే తిరిగొచ్చారు. ముగ్గురు నిలిచారు. సుతెమత్సు 1882లో వాసర్ కాలేజీలో పట్టా పుచ్చుకుంది. కాలేజీ పట్టా పొందిన మొదటి జపాను స్త్రీ ఆవిడే. ఆ ఏడే ఆమె, ఉమెకో స్వదేశం చేరారు. ఉమెకోకి అప్పటికి సొంత భాష మరుపున పడింది. ఇంట్లోవాళ్ళతో మాట్లాడటానికే తడుముకోవలసి వచ్చింది. తమాషా ఏమిటంటే, అంత ఖర్చుపెట్టి పంపిన ప్రభుత్వం దగ్గర వీళ్ళకివ్వటానికి పనే లేదు. విదేశాల్లో చదివొచ్చిన మగపిల్లలకు పెద్ద కొలువులు దొరికాయి. సుతెమత్సు ఒక యుద్ధమంత్రిని పెళ్ళాడింది. ఉమెకో ఒక మంత్రిగారింట్లో పాఠాలు చెప్పి, ఆ తర్వాత గొప్పింటి అమ్మాయిల బడిలో టీచరమ్మ అయింది.

మరి ఖజానా సొమ్ము ఎటు పోయిందంటారా? 1877లో పెట్టిన టోక్యో విశ్వవిద్యాలయానికి. 1886లో విద్యామంత్రి మోరి అరినోరి దాన్ని ఇంపీరియల్ యూనివర్సిటీ చేశాడు. రాజ్యానికి అవసరమైన విద్యలు నేర్పటం, పరిశోధన చెయ్యటం దాని పని అని శాసనంలోనే రాసుకున్నారు. మొదట్లో పాఠాలు చెప్పటానికి తెల్లదొరలను పెద్ద పెద్ద జీతాలిచ్చి తెచ్చారు. కాని వాళ్ళమీదే ఆధారపడి కూర్చోలేదు. తమ కుర్రాళ్ళను జర్మనీకి, ఇంగ్లండుకి పంపి, తిరిగి రాగానే ఆ కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఇందులో వాళ్ళ తెలివిని మెచ్చుకోవలసిందే. 1897లో క్యోతో, 1907లో తొహోకు, ఇలా పెంచుకుంటూ 1939 నాటికి జపాను గడ్డమీద ఇంపీరియల్ యూనివర్సిటీలు ఏడయ్యాయి. ఆడపిల్లకు మాత్రం ఆ గడప తొక్కే దారి లేదు. మంచి భార్య, తెలివైన తల్లి అయితే చాలునని అప్పటి పెద్దల మాట. మనమూ వినని మాట కాదులెండి.

ఉమెకో ఊరుకోలేదు. మళ్ళీ అమెరికా వెళ్ళి బ్రిన్ మార్ కాలేజీలో జీవశాస్త్రం చదివింది. 1900లో టోక్యోలో పదిమంది పిల్లలతో ఇంగ్లీషు చదువుల పాఠశాల తెరిచింది. ఆ ఏడే యోషియోకా యయొయి అనే డాక్టరమ్మ ఆడవాళ్ళకు వైద్య పాఠశాల పెట్టింది. మరుసటేడు నరుసె జిన్‌జో అనే ఆయన మహిళా కళాశాల ప్రారంభించాడు. ఇవన్నీ ప్రైవేటువే, ఉమెకో బడికి అమెరికా స్నేహితురాళ్ళు చందాలు పోగుచేసి పంపారు. చదువు ఎంత గట్టిగా చెప్పినా చట్టం దృష్టిలో ఇవి విశ్వవిద్యాలయాలు కావు. ఉమెకో బడికీ, నరుసె కళాశాలకూ ఆ హోదా 1948లో గాని దక్కలేదు.

ఈ పక్కదారిన చదివినవాళ్ళే పెద్ద గుమ్మం తట్టారు. 1913లో తొహోకు యూనివర్సిటీ ముగ్గురు స్త్రీలకు సీటిచ్చింది: కురొద చికా, తంగె ఉమె, మకిత రకు. ముందెన్నడూ లేని పని, చాలా తీవ్రమైన విషయం, సంగతేమిటో చెప్పమని విద్యాశాఖనుంచి ఉత్తరం వచ్చింది. యూనివర్సిటీ వెనక్కి తగ్గలేదు. తంగె ఉమె నరుసె కళాశాల తొలి విద్యార్థినుల్లో ఒకరు. తొహోకులో చేరేటప్పటికి ఆవిడకు నలభై ఏళ్ళు! కురొద చికా కుసుమపూల ఎర్రరంగులో ఉన్న పదార్థం నిర్మాణాన్ని తేల్చి 1929లో డాక్టరేటు తెచ్చుకుంది. మనం గింజలనుంచి నూనె తీసుకుంటామే, ఆ కుసుమే.

టోక్యో యూనివర్సిటీ మాత్రం యుద్ధంలో దేశం ఓడి, కొత్త చట్టాలు వచ్చేదాకా కదలలేదు. 1946లో అక్కడ చేరిన ఆడపిల్లలు 19 మంది. 1950 నుంచి రెండేళ్ళ జూనియర్ కాలేజీలు వచ్చాయి. వాటిలో చేరింది ఎక్కువగా ఆడపిల్లలే. పెద్ద చదువులు రకరకాలయ్యాయని లెక్కల్లో బాగానే కనబడింది. కాని ఆ రెండేళ్ళ చదువు చాలామందికి పెళ్ళికి ముందు మజిలీగానే మిగిలింది.

ఇక ఇటీవలి సంగతి. పదేళ్ళలో తమ విశ్వవిద్యాలయాలు పది ప్రపంచంలో మొదటి నూరింటిలో ఉండాలని 2013లో జపాను ప్రభుత్వం గురి పెట్టుకుంది. 2014లో 37 విద్యాసంస్థలను ఎంచి డబ్బిచ్చింది. విదేశీ అధ్యాపకులెందరు, స్త్రీలెందరు అన్నవి కూడా ఆ పథకం కొలతల్లో చేర్చారు. గడువు తీరేసరికి, పేరున్న ఒక ఇంగ్లండు పత్రిక పట్టికలో మొదటి నూరింటిలో ఉన్నవి టోక్యో, క్యోతో రెండే. ఆ తర్వాత పది లక్షల కోట్ల యెన్‌లతో పెద్ద నిధి ఏర్పాటుచేసి, దాని సాయానికి మొదటగా 2024 నవంబరులో ఎంపిక చేసిన సంస్థ, ఆనాడు విద్యాశాఖ సంజాయిషీ అడిగిన తొహోకే.

టోక్యో యూనివర్సిటీ డిగ్రీ తరగతుల్లో నేటికీ ఆడపిల్లలు ఐదుగురిలో ఒకరే. 2018లో ఒక వైద్య విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్షలో ఆడపిల్లల మార్కులు కావాలనే తగ్గిస్తున్నట్టు బయటపడి దేశమంతా అట్టుడికింది. మన ఐఐటీలు ఆ ఏడే ఆడపిల్లలకు అదనపు సీట్లు మొదలుపెట్టాయి. సంగారెడ్డి దగ్గర కందిలో జపాను సాయంతో కట్టుకున్న మన హైదరాబాదు ఐఐటీ కూడా అందులో ఉంది. జపానులో పేరుమోసిన టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 2024 ప్రవేశాల్లో ఆడపిల్లలకని 58 సీట్లు విడిగా ఉంచింది, మరుసటేడు వాటిని ఇంకా పెంచారు. 2024 జూలైలో విడుదలైన ఐదువేల యెన్‌ల నోటుమీద ఉన్నది త్సుదా ఉమెకో బొమ్మ.