ఓడలో టిప్పు ఎవరి జీతం?

2022 జూన్‌లో విశాఖకి ‘ఎంప్రెస్’ అనే క్రూయిజ్ షిప్ వచ్చింది, గుర్తుందా? మనం రోలుగుంటలో కూర్చుని ఫోన్లో చూశాం. అదే విశాఖ నుంచి వందేళ్ల కిందట మనవాళ్లు రంగూన్ స్టీమర్ ఎక్కేవారు. డెక్ మీదే పడక. చాలామందికి టికెట్ డబ్బు మేస్త్రీ అడ్వాన్సుగా పెట్టి, తర్వాత కూలిలో కోసుకునేవాడు.

ఇప్పటి క్రూయిజ్‌లోనూ పనివాడి కూలి లెక్క అంత తిన్నగా ఉండదు. అక్కడ దాని పేరు టిప్పు. ఒకప్పుడు ఆఖరి రాత్రి కవర్లో పెట్టి ఇచ్చేవారు. ఇప్పుడు అమెరికన్ కంపెనీల షిప్పుల్లో రోజుకి మనిషికి సుమారు 16 నుంచి 20 డాలర్లు బిల్లులో పడిపోతాయి. ఇష్టంగా ఇచ్చే బక్షీసు కాస్తా మామూలైపోయింది! గది సర్దేవాళ్లకి, వడ్డించేవాళ్లకి వచ్చేదాంట్లో పెద్ద భాగం అదే. అంటే ఓనర్ ఇవ్వాల్సిన జీతం ప్యాసింజర్ ఇస్తున్నాడన్నమాట.

డ్రింక్ ప్యాకేజీ ఇంకో తమాషా. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం ఉన్నప్పుడు, తాగడానికే జనం విదేశీ ఓడలెక్కి సముద్రంలోకి పోయేవారు. ఇప్పుడేమో రోజుకింత అని ముందే కట్టించుకుంటారు. దాని మీద చాలా కంపెనీలు మళ్లీ 18 నుంచి 20 శాతం టిప్పు వేస్తాయి.

షిప్ జాబ్ కోసం ఏజెంట్ దగ్గరికెళ్లే తమ్ముళ్లూ, ‘నెలకి ఇంత’ అంటే ఒక్కటడగండి: అందులో జీతమెంత, టిప్పులెంత? కాగితం మీద రాసివ్వమనండి.