మావయ్య కొట్టు వీడియోలో కొట్టే లేదు: బిజినెస్ వీడియోల 130 ఏళ్ల కథ

ఈసారి ఎపిసోడ్ మా ఊరి నుంచే మొదలుపెడతాను. ఊరు నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా. ఇక్కడ బజార్లో మా మావయ్యకి చిన్న బంగారం కొట్టు ఉంది. రెండేళ్ల కిందట పెళ్లిళ్ల సీజన్‌కి ముందు, ఒక ప్రొఫెషనల్ వీడియో చేయించుకుందాం అన్నాడు. మొత్తం 60 వేలు. బేరం మాట్లాడింది నేనే, కాబట్టి తర్వాత జరిగినదాంట్లో సగం తప్పు నాదే.

వీడియో వచ్చింది. మడపాం దగ్గర వంశధార మీద పొద్దు పొడుస్తున్న డ్రోన్ షాట్. పట్టుచీరలో ఒక మోడల్, స్లో మోషన్. వెనకాల హిట్ సినిమా పాట. మావయ్య ఫోన్లో రెండుసార్లు చూసి, "బాగానే ఉందిరా. మరి ఇందులోన మన కొట్టేదిరా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అప్‌లోడ్ చేశాక పాట మీద కాపీరైట్ క్లెయిమ్ వచ్చి సౌండ్ పోయింది. ముహూర్తాలు మొదలయ్యేసరికి మా చేతిలో ఉన్నది ఒక మూగ వీడియో. చిన్న కొట్టుకి 60 వేలంటే చిన్న మాట కాదు.

ఎక్కడ తేడా కొట్టిందో తెలుసుకుందామని పాత కథలు తవ్వాను. తవ్వితే 1895 దాకా వెళ్లాను.

ఫ్రాన్స్‌లోని లియాన్‌లో లూమియేర్ అన్నదమ్ములకి ఫొటో ప్లేట్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. వాళ్లు తీసిన మొదటి ఫిల్ముల్లో ఒకటి, ఆ ఫ్యాక్టరీ గేటులోంచి పనివాళ్లు బయటికి రావడం. నిమిషం కూడా ఉండదు. సినిమా పుట్టుక అంటూ మనకి పాఠాల్లో చెప్పేది దీన్నే. నన్నడిగితే అది బిజినెస్ వీడియో కూడా! సొంత ఫ్యాక్టరీ, సొంత పనివాళ్లు, సొంత కెమెరా. ఇంకో సంగతి, అది ఒక్కసారి తీసింది కాదు. మూడు రకాలు దొరికాయి. ఒకదాంట్లో ఒక గుర్రం బండి, ఇంకోదాంట్లో రెండు గుర్రాలు, మూడోదాంట్లో గుర్రమే లేదు. అంటే రోజూ చేసే పనిని కెమెరా ముందు మళ్లీ మళ్లీ చేయించారు. "మామూలుగా నడిచి రండి" అని చెప్పగానే ఎవరూ మామూలుగా నడవలేరు. ఇది మా కొట్లో కూడా చూశాను, చెప్తాను.

మన దగ్గర చాలాకాలం కొట్టు ప్రచారం అంటే థియేటర్లో స్లైడే. ఇంటర్వెల్‌లో కొట్టు పేరు, ఊరు, అంతే. కొంచెం పెద్ద కంపెనీలకి ఫిల్ములుండేవి. వాటిని థియేటర్లకి అందించే సంస్థల్లో పెద్ద పేరు బ్లేజ్. హైదరాబాద్‌లో పుట్టిన శ్యామ్ బెనెగల్ బొంబాయిలో యాడ్స్ తీసుకుంటూ, సొంత కథ ఒకటి చాలా ఏళ్లు పట్టుకు తిరిగారు. చివరికి డబ్బు పెట్టింది ఆ బ్లేజ్ వాళ్లే. ఆ సినిమా 1974లో వచ్చిన 'అంకుర్'. మన తెలంగాణ పల్లె కథ.

అదే బెనెగల్ 1976లో 'మంథన్' తీశారు. గుజరాత్ పాల సహకార సంఘాల్లోని 5 లక్షల మంది రైతులు తలా 2 రూపాయలు వేసుకుంటే 10 లక్షలైంది, సినిమా అయింది. రైతులు లారీలెక్కి వెళ్లి మరీ చూశారు. నాకు ఇక్కడ ఆసక్తి లెక్క మీద కాదు. అంతకుముందే బెనెగల్ పాల సహకార ఉద్యమం మీద డాక్యుమెంటరీలు తీసి ఉన్నారు. అంటే ఆ పని ఆయనకి ముందే తెలుసు. మా వీడియో తీసినవాళ్లు షూటింగ్ రోజు తప్ప కొట్టుకి రాలేదు. రమ్మని మేమూ అడగలేదు.

దూరదర్శన్లో యాడ్స్ 1976లోనే మొదలయ్యాయి, 1995లో ఈటీవీ వచ్చింది. అవి పెద్ద కంపెనీల ఆట కాబట్టి అక్కడ ఆగను. కానీ లలితా జ్యువెలరీ కిరణ్ కుమార్ గారిని వదిలి వెళ్లలేం. డబ్బులు ఊరికే రావంటూ ఓనరే వచ్చి నిలబడ్డాడు. మీరు నవ్వారు, మీమ్స్ చేశారు, మర్చిపోలేదు. మావయ్యకి ఐడియా అక్కడే వచ్చింది. "ఆయన చెప్పగా లేంది, నేను చెప్పలేనేట్రా?"

రెండో వీడియోకి వేరే కుర్రాళ్లని పెట్టుకున్నాం. ఈసారి ముందు కాగితం మీద మాటలు. ఏం చెప్పాలి? తరుగు ఎంత, మజూరీ ఎంత, నగ మీద ఆరు అక్షరాల హాల్‌మార్క్ నంబర్ ఎక్కడుంటుంది. ఒప్పందం కూడా రాసుకున్నాం: ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, మ్యూజిక్ లైసెన్స్ ఎవరిది, ఒరిజినల్ ఫుటేజీ ఇస్తారా లేదా. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫిల్ముకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. చాలామందికి ఈ సంగతి తెలీదు, మొదటిసారి నాకూ తెలీదు. కానీ వాడిన సినిమా పాట మీద హక్కు దాంతో రాదు. హార్డ్ డిస్కు వాళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి ఫుటేజీ మాట కాగితం మీద ఉంటేనే మంచిది.

షూటింగ్ మాత్రం ఒక రోజంతా పట్టింది, నిమిషంన్నర వీడియోకి. ట్యూబ్‌లైట్ల వల్ల కెమెరాలో గీతలొచ్చాయి, షటర్ సెట్టింగ్ మార్చాల్సొచ్చింది. షోకేస్ అద్దంలో కెమెరామేన్ కనిపిస్తున్నాడని నల్లగుడ్డ కప్పాం. ఫ్యాన్ చప్పుడు రాకుండా ఆపేస్తే మావయ్య చొక్కా తడిసిపోయింది. రోడ్డు మీద హారన్ మోగితే టేక్ మళ్లీ మొదటికి. రోజుకి ఇరవైసార్లు చెప్పే "తరుగు" లెక్క కెమెరా ముందు నోట్లోంచి రాలేదు. ఏడు టేకులు. లియాన్ గుర్రాలు గుర్తొచ్చాయి నాకు.

ఎనిమిదో టేక్ నడుస్తుండగా ఒకావిడ ముక్కుపుడక వదులైందని లోపలికొచ్చింది. మావయ్య కెమెరాని మర్చిపోయి, "ఇలాగియ్యమ్మా" అని పుడక తీసుకుని, వెనక కూర్చున్న కంసాలి తాతకి అందిస్తూ, మజూరీ ఎంతవుతుందో ఆవిడకి చెప్పేశాడు. కెమెరా ఆపలేదు. ఆవిడ ముఖం పడకుండా, అడిగి ఒప్పుకున్నాక, అదే ఉంచాం. డ్రోన్ షాట్ తీసేశాం. మావయ్య ఇప్పటికీ అంటాడు, "ఆ వంశధార ఉంచితే బాగున్రా" అని.