ఆ బటను ఎక్కడికి పోయింది? మిషనిస్టుల గోడు వెనక డెబ్భై ఏళ్ళ కథ

అప్‌డేటు అయ్యాక రోజూ నొక్కే బటను కనబడకపోతే మనమేం చేస్తాం? నాలుగు తిట్టుకుని, గూగులమ్మని అడిగి, రెండ్రోజుల్లో అలవాటు పడిపోతాం. పక్క సీటాయన వారమైనా సణుగుతుంటే "కొత్తదంటే పడదు ఈయనకి" అని నవ్వుకుంటాం కూడా. కానీ ఇరవై ముప్ఫయ్యేళ్ళుగా లోహం కోస్తున్న మిషనిస్టులు ఇదే ఫిర్యాదు చేస్తే అంత తేలిగ్గా తీసిపారేయకూడదని నా అభిప్రాయం. వాళ్ళ చేతిలో ఉన్న పని స్క్రీను మీదకి ఎలా వెళ్ళిందో తెలిస్తే ఆ కోపం అర్థమవుతుంది. కాస్త ఓపిక పట్టండి, మొదట్నుంచీ చెబుతాను.

బీటెక్ మొదటి ఏడాది వర్క్‌షాపు గుర్తుందా? ఆకురాయితో ఇనపముక్కని రాకీ రాకీ చేతులు బొబ్బలెక్కినా అది చతురస్రం అయ్యేది కాదు. అక్కడుండే ఇన్‌స్ట్రక్టరు మాత్రం మాట్లాడుతూనే పది నిమిషాల్లో తేల్చేసేవాడు. మిల్లింగు మిషను దగ్గరా అంతే. పాతరోజుల్లో మిషనిస్టు ముందు చక్రాలుండేవి. ఒకటి తిప్పితే బల్ల ఎడమకీ కుడికీ జరుగుతుంది, ఇంకోటి తిప్పితే ముందుకీ వెనక్కీ. డ్రాయింగు చూసి, ఎంత తిప్పాలో లెక్కగట్టి, కట్టరు చేసే శబ్దం వింటూ, గరగరమంటే వేగం తగ్గిస్తూ కోసేవాడు. అంటే ప్రోగ్రామూ ఆయనే, కంప్యూటరూ ఆయనే, సెన్సరూ ఆయనే.

1940ల చివర్లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టరు రెక్కలు చేసేవాడు. ఆ రెక్క ఆకారం వంపులు తిరిగి ఉంటుంది, దానికి కచ్చితమైన టెంప్లేటు కావాలి. ఆయన పంచ్‌కార్డు యంత్రాలతో వంపు మీద బోలెడన్ని బిందువులు లెక్క కట్టించాడు. తరవాత మిషను దగ్గర ఒకడు అంకెలు పైకి చదువుతుంటే, ఒకడు ఎక్స్ చక్రం, ఇంకొకడు వై చక్రం తిప్పేవారు. నవ్వొస్తుంది గానీ, ఇవాళ్టి సీఎన్‌సీకి బీజం ఇదే. మనిషి చదివే బదులు టేపు చదివితే? మనిషి తిప్పే బదులు మోటారు తిప్పితే?

ఈ ఆలోచన అమెరికా వైమానిక దళానికి నచ్చింది. 1949లో డబ్బిచ్చింది. పని ఎంఐటీలోని సర్వోమెకానిజమ్స్ ల్యాబుకి చేరింది. 1952లో వాళ్ళు సిన్సినాటి కంపెనీ మిల్లింగు మిషనుకి 292 వాక్యూమ్ ట్యూబులున్న కంట్రోలరు తగిలించి, కాగితం టేపుతో నడిపి చూపించారు. 1959 కల్లా ఏపీటీ అనే ప్రోగ్రామింగు భాష కూడా బయటికొచ్చింది. దాని మీద పనిచేసినవాళ్ళలో ముఖ్యుడు డగ్లస్ రాస్. మన వృత్తికి పూర్వీకుడే అనుకోండి.

ఇంతవరకూ అందరూ చెప్పే కథే. చరిత్రకారుడు డేవిడ్ నోబుల్ 1984లో రాసిన 'ఫోర్సెస్ ఆఫ్ ప్రొడక్షన్' పుస్తకంలో ఇంకో కథ ఉంది. అదే రోజుల్లో రికార్డ్-ప్లేబ్యాక్ అనే ఇంకో పద్ధతి కూడా ఉండేదట. అనుభవమున్న మిషనిస్టు మొదటి పీసు చేత్తో చేస్తాడు. ఆయన కదలికలన్నీ మాగ్నెటిక్ టేపు మీద రికార్డవుతాయి. తరవాత పీసులన్నీ ఆ టేపే చేసుకుపోతుంది. అంటే ప్రోగ్రాము రాసేది మిషనిస్టు చెయ్యే. జనరల్ ఎలక్ట్రిక్ లాంటి కంపెనీలు దీన్ని తయారుచేసి కూడా పక్కన పెట్టేశాయి. ప్రోగ్రాము షాపు ఫ్లోరు మీద పుట్టకూడదు, పైన ఆఫీసులో పుట్టాలి, కార్మికుడి మీద ఆధారపడకూడదు అన్న యాజమాన్యాల కోరిక ఈ ఎంపికలో పెద్ద పాత్ర పోషించిందని నోబుల్ వాదన. విమానం రెక్కల్లాంటి వంపులు చేత్తో కొయ్యడం దాదాపు అసాధ్యమన్న సాంకేతిక కారణమూ ఉంది, కాదనలేం. కానీ మామూలు పీసులకి ఆ కారణం చెల్లదు కదా!

అలా మొదటిసారి మిషనిస్టు పని చేతిలోంచి పోయింది. ఆయన ఊరుకున్నాడా? లేదు. 1970ల్లో మైక్రోప్రాసెసర్లు వచ్చి కంట్రోలరు మిషను మీదకే ఎక్కింది. అంటే స్క్రీనూ కీబోర్డూ ఆయన పక్కకే వచ్చాయి. ఆఫీసునుంచి వచ్చిన ప్రోగ్రాములో తప్పుంటే అక్కడికక్కడే సరిదిద్దడం మొదలెట్టాడు. అందుకేనేమో, చాలా కంట్రోలర్లకి ప్రోగ్రాము మార్చకుండా ఒక తాళంచెవి కూడా ఉంటుంది. ఆ చెవి ఎవరి జేబులో ఉందో చూస్తే ఆ షాపులో ఎవరి మాట చెల్లుతుందో తెలిసిపోతుంది. 1981లో జపాను కంపెనీ మజాక్ తెచ్చిన మజట్రోల్ ఇంకో అడుగు ముందుకేసింది. కోడు రాయక్కర్లేదు, మెటీరియల్ ఏమిటి, కొలతలెంత అని అదే అడుగుతుంది, మిషనిస్టు తన భాషలోనే జవాబిస్తాడు.

ఇక్కడ మనం గమనించాల్సింది ఇంకోటుంది. మిషనుకి ఇచ్చే జీ-కోడు 1980లో ఆర్ఎస్-274-డీ అనే ప్రమాణంగా స్థిరపడింది. జీ00 అంటే గబగబా కదులు, జీ01 అంటే కోస్తూ సూటిగా వెళ్ళు, జీ02 జీ03 అంటే వంపు తిరుగు. కంపెనీకో యాస ఉన్నా అసలు భాష మాత్రం అదే. 1980లో నేర్చుకున్నవాడు ఈరోజు ప్రోగ్రాము తెరిచినా చదవగలడు. మన రంగంలో నలభై ఏళ్ళు నిలబడ్డవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మరి మారేదేమిటి? ఆ కోడు పుట్టించే క్యామ్ సాఫ్టువేరు. 1980ల్లో పీసీలు చవకయ్యాక చిన్న షాపులు కూడా దీన్ని కొనగలిగాయి. మాస్టర్‌క్యామ్‌నే తీసుకోండి. వీ9 దాకా స్క్రీనుకి ఎడమ పక్కన అక్షరాల మెనూ ఉండేది. క్రియేట్, లైన్, ఎండ్‌పాయింట్స్ కావాలంటే సీ, ఎల్, ఈ నొక్కడమే. ఎడమ చెయ్యి కీబోర్డు మీద, కుడి చెయ్యి మౌసు మీద, కళ్ళు డ్రాయింగు మీద. అప్పట్లో చక్రాలు తిప్పిన చేతులే మళ్ళీ ఇక్కడ ఒక లయ పట్టుకున్నాయి. చూడ్డానికి డాస్ కాలం సరుకులా ఉండేది, అది వేరే సంగతి.

2005లో మాస్టర్‌క్యామ్ ఎక్స్ వచ్చింది. అక్షరాల మెనూ పోయి విండోస్ తరహా మెనూలూ ఐకాన్లూ వచ్చాయి. చాలా షాపుల్లో కొత్తది కొనిపెట్టుకుని కూడా పనంతా వీ9లోనే చేసుకున్నారు, అదీ ఏళ్ళ తరబడి. ఎక్స్‌కి అలవాటు పడి పదేళ్ళు గడిచాయో లేదో, 2017 వెర్షనులో ఎంఎస్ ఆఫీసు తరహా రిబ్బను దిగింది. మళ్ళీ వెతుకులాట మొదలు. ఆటోక్యాడ్ కూడా 2009 వెర్షనులో రిబ్బను తెచ్చింది, 2015 వెర్షనులో పాత క్లాసిక్ వర్క్‌స్పేసు తీసేసింది. కానీ కమాండు లైను మాత్రం ముట్టుకోలేదు. ఇప్పటికీ ఎల్ కొట్టి ఎంటర్ నొక్కితే గీత వస్తుంది. పైన ఎంత రంగులేసినా పాతకాపు చేతులు ఆగవు. ఆ చిన్న తేడాలోనే ఉంది కిటుకంతా.

"రెండు వారాలు కష్టపడితే వచ్చేస్తుంది కదా" అనొచ్చు. మనకి తప్పు బటను నొక్కితే అన్‌డూ ఉంది. ఆయనకి? టూలు ఎత్తు కొలత అబ్సల్యూటా ఇంక్రిమెంటలా అన్న చిన్న టిక్కు మారితే, కట్టరు పీసు పైనుంచి వెళ్ళాల్సింది పోయి పీసులోకో వైసులోకో దూరొచ్చు. స్పిండిలు దెబ్బతింటే నష్టం లక్షల్లో ఉంటుంది, మిషను రోజుల తరబడి ఆగిపోతుంది. మాటపడేది మెనూ మార్చినవాడు కాదు, మిషను ముందు నిలబడ్డవాడు.

ఇంకోటి, పోస్ట్ ప్రాసెసర్. సాఫ్టువేరు గీసిన దారిని ఫలానా మిషనుకి అర్థమయ్యే జీ-కోడుగా మార్చేది అదే. ప్రతి షాపు పోస్టులోనూ ఏళ్ళ తరబడి చేసుకున్న చిన్న చిన్న సవరణలుంటాయి. పెద్ద వెర్షను మారినప్పుడల్లా దాన్నీ మార్చుకోవాలి, మళ్ళీ మొదటి పీసు భయంభయంగా కొయ్యాలి. పోనీ పాతదే వాడుకుందామంటే కస్టమరు కొత్త వెర్షను ఫైలు పంపుతాడు, అది పాతదాంట్లో తెరుచుకోదు. అప్‌డేటు ఐచ్ఛికమే... వ్యాపారం మానుకుంటే!

కంపెనీల వైపు న్యాయం లేదని కాదు. ఐదు యాక్సిసుల మిషన్లు, కొత్త రకం టూల్‌పాత్‌లు వచ్చాయి, వాటన్నిటికీ పాత మెనూలో చోటెక్కడ? కొత్తగా చేరే కుర్రాళ్ళకి సీ-ఎల్-ఈ మంత్రం కన్నా ఐకాన్లే సులువు, అదీ నిజమే. అయితే ప్రతిసారీ కొత్తవాడి మొదటి రోజుని సుఖపెట్టడానికి పాతవాడి ఇరవయ్యేళ్ళని సున్నా చెయ్యాలా? 1950ల్లో ఆ పనిని కావాలనే చేతిలోంచి లాగేశారని నోబుల్ అంటాడు. ఇప్పుడు ఎవరూ కావాలని చెయ్యట్లేదు, తెలియక చేస్తున్నాం. పోగొట్టుకునేది మాత్రం అదే మనిషి.

"చేస్తున్నాం" అని ఎందుకన్నానంటే, ఇలాంటి సాఫ్టువేర్లు రాసేది మనలాంటి వాళ్ళమే. బాలానగర్‌లో 1968 నుంచీ టూల్ డిజైను నేర్పుతున్న సీఐటీడీ ఉంది, ఆ చుట్టుపక్కల సందుల్లో చిన్న చిన్న షాపుల్లో మిషన్లు తిరుగుతూ ఉంటాయి. హైటెక్ సిటీనుంచి అక్కడికి గట్టిగా గంట ప్రయాణం. రీడిజైను రివ్యూకి ముందు ఒక్కపూట అక్కడ నిలబడి చూడ్డానికి ఏం అడ్డం?

నా మట్టుకు నాకు మూడు చాలు. ఐకాన్లు మార్చుకోండి, కీలు మార్చొద్దు. డిఫాల్టు మారితే రిలీజు నోట్సు నలభయ్యో పేజీలో కాదు, మొదటిసారి వాడేటప్పుడే మొహం మీద చెప్పండి. పాత వరసా కొత్త వరసా కొన్నేళ్ళు పక్కపక్కన నడవనివ్వండి. జీ01 నలభై ఏళ్ళు మారకుండా ఉన్నందువల్ల ఏ మిషనూ వెనకబడిపోలేదు కదా. ఏమంటారు?