కుండలీకరణాల్లో మిగిలిపోయిన కూలి

విశాఖపట్నం పాతనగరంలో, పూర్ణా మార్కెట్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారు పైకప్పు లేని గుడిలో ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఉంటుంది. విగ్రహం 1912లో బావిలో దొరికిందనీ, తెచ్చి రోడ్డు మధ్యన నిలిపారనీ, 1917లో రోడ్డు వెడల్పు చేయడానికి పురపాలక సంఘం దాన్ని ముప్పై అడుగులు పక్కకు జరిపిందనీ, ఆ ఏడే ప్లేగు వచ్చి జనం చనిపోయారనీ, అమ్మవారిని మళ్ళీ మొదటి చోటికి చేర్చాకే జబ్బు నెమ్మదించిందనీ ఆలయ ఐతిహ్యం. ప్లేగు ఎందుకొచ్చిందో ఈ కథ చెప్పలేదు, చెప్పనవసరమూ లేదు. కానీ ఆ కాలపు జనం పురపాలక సంఘాన్ని ఏ రూపంలో గుర్తుపెట్టుకున్నారో మాత్రం చెబుతుంది. రోడ్డు కోసం ఒకదాన్ని ఇక్కణ్ణుంచి అక్కడికి జరిపించే అధికారంగా. కింగ్ జార్జి ఆసుపత్రి అప్పటికి ఇంకా తెరుచుకోలేదు, అది 1923 నాటిది. మందు మీదా అధికారి మీదా నమ్మకం కుదరని చోట జనం తమకు అర్థమయ్యే లెక్క ఒకటి కట్టుకున్నారు. ఆ లెక్కను వెక్కిరించడం తేలిక. అంటురోగం వచ్చినప్పుడు పాలకులు చోట్లను సర్దుతారే గాని ఆ చోట బతికే మనుషుల కూడు గురించి మాట్లాడరన్న గ్రహింపు అందులో ఉంది. నూరేళ్ళ తర్వాత కూడా పూర్ణా మార్కెట్ విషయంలో అది తప్పని రుజువు కాలేదు.

ఈ అలవాటుకు కాగితం మీద మూలం 1897 ఫిబ్రవరిలో వచ్చిన అంటువ్యాధుల చట్టం. బొంబాయి ప్లేగు భయంతో హడావిడిగా చేసిన ఆ చట్టంలో ఉన్నవి నాలుగే సెక్షన్లు. ప్రయాణికులను తనిఖీ చేయవచ్చు, జనాన్ని విడిగా ఉంచవచ్చు, మాట విననివాణ్ణి శిక్షించవచ్చు, ఇదంతా చేసిన ఉద్యోగి మీద దావా వేయకూడదు. ఖర్చు ఎవరు భరించాలో ప్రభుత్వమే నిర్ణయిస్తుందని చెబుతూ, నష్టపరిహారం అన్న మాటను ఒక్కసారి, అదీ కుండలీకరణాల్లో, ‘ఏదైనా ఉంటే’ అన్న అర్థంతో తగిలించారు. ఉద్యోగికి ఒక సెక్షన్ మొత్తం రక్షణ దొరికింది, పని పోయినవాడికి ఒక కుండలీకరణం దొరికింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ప్లేగు ఉన్న ఊరి నుంచి వచ్చినవాడు ప్లేగు పాస్‌పోర్టు పట్టుకుని రోజూ అధికారి ముందు హాజరు కావలసి వచ్చేది. ఆ హాజరు వేళలో పోయిన కూలి గురించి ఎవరూ అడగలేదు. బొంబాయిలో మాత్రం ఒక వింత జరిగింది. జనం లక్షల్లో ఊరు విడిచి పోతుంటే మిల్లు యజమానులు కూలీలను నిలబెట్టుకోడానికి నెలజీతం మాని ఏరోజుకారోజు డబ్బు చేతిలో పెట్టవలసి వచ్చింది. వెళ్ళిపోగలిగినవాడికి బేరమాడే బలం వచ్చింది. అయితే ఆ బలం యజమాని ఉన్నవాడికే. గంప ముందు కూర్చున్న మనిషి ఎవరితో బేరమాడాలి?

సంక్షోభ కాలంలో ఆరోగ్యం చూసుకోండి, వృత్తిని జాగ్రత్తగా నడుపుకోండి అని చెప్పే హితవులన్నీ ఈ ప్రశ్న దగ్గరే తేలిపోతాయి. మార్కెట్‌లో చిల్లర కూరగాయల వ్యాపారానికి పెట్టుబడి రోజువారీ. తెల్లవారుజామున సరుకు ఎత్తడానికి డబ్బు కావాలి, సాయంత్రానికి తిరిగి కట్టాలి. చెన్నైలో పళ్ళు అమ్మేవారు ఇలాంటి అప్పుకు రోజుకు నూటికి నాలుగున్నర రూపాయల పైనే వడ్డీ కడుతున్నారని ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో రాశారు. నెలకు కాదు, రోజుకు. ఇలాంటి వ్యాపారంలో ఒక రోజు సెలవంటే ఒక రోజు ఆదాయం పోవడంతో ఆగదు. తోటకూర వాడుతుంది, టమాటా కుళ్ళుతుంది, అప్పు నిలబడుతుంది, రేపటి సరుకుకు చేతిలో డబ్బుండదు. ఒంట్లో బాగోకపోయినా బండి తోసుకొచ్చే మనిషిని నిర్లక్ష్యం చేస్తున్నాడనడం అన్యాయం. అతను లెక్క సరిగ్గానే కట్టాడు, ఆ లెక్కలో జ్వరం పెట్టుకోడానికి గడి లేదు. బస్తాలు దించే కళాసీ సంగతి ఇంకా కష్టం. అతనికి పాడయ్యే సరుకు కూడా లేదు, ఉన్నది భుజమే. లారీ రాకపోతే ఆ రోజు లేనట్టే.

2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ అయినప్పుడు విశాఖలో చేసిన మొదటి పనుల్లో ఒకటి రైతుబజార్లను విడగొట్టి ఖాళీ మైదానాల్లోకి మార్చడం, అమ్మకాన్ని ఉదయం కొద్ది గంటలకు కుదించడం. గుంపు తగ్గించాలంటే మంచి పద్ధతే. ఇక్కడ నిజాయితీ గల అభ్యంతరం ఒకటి వినాలి: మార్కెట్లు నిజంగానే వ్యాధిని పంచాయి. చెన్నై కోయంబేడు మార్కెట్‌ను ఆ ఏడు మే మొదట్లో మూసేనాటికే వైరస్ కడలూరు, విళుపురాలకే కాదు, సరిహద్దు దాటి చిత్తూరు, నెల్లూరులకూ చేరింది. తెరిచి ఉంచితే అమ్మేవాళ్ళే ముందు పోయేవారు. కాబట్టి మూయడం తప్పని ఈ వ్యాసం వాదించడం లేదు. మూయడం వైద్యంలో సగం, మూసిన రోజుకు డబ్బు ఇవ్వడం మిగతా సగం, రెండోది లేకపోతే మొదటిది పారదు అన్నదే వాదన. డబ్బు లేనివాడు గేటు మూస్తే వీధి మలుపులో గంప దించుతాడు. ఆ గుంపును చెదరగొట్టడం పోలీసు పనవుతుంది, వ్యాధిని ఆపే పని మాత్రం కాదు.

సాయం అసలు రాలేదా అంటే వచ్చింది. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రప్రభుత్వం బియ్యం కార్డున్న పేద కుటుంబాలకు వెయ్యి రూపాయలిచ్చింది, ఉచిత బియ్యమూ అందింది. జూన్‌లో కేంద్రం పీఎం స్వనిధి కింద వీధి వ్యాపారులకు 10,000 రూపాయల అప్పు, నవంబరులో రాష్ట్రం జగనన్న తోడు కింద వడ్డీ లేని మరో 10,000 ప్రకటించాయి. రోజువడ్డీ నుంచి ఎవరినైనా ఏడాది పాటు బయటికి లాగితే అది చిన్న మేలు కాదు, ఆ మేరకు ఈ పథకాలు గౌరవించదగినవే. కానీ అప్పు రేపటి వ్యాపారానికి పనికొస్తుంది, నిన్న కుళ్ళిన సరుకుకు కాదు. ప్రభుత్వం తన ఉత్తర్వుతో ఆపిన రోజులను వ్యాపారి తానే తీర్చవలసిన అప్పుగా మార్చడం, ఎంత తక్కువ వడ్డీకైనా, ఖర్చును అతని నెత్తిన పెట్టడమే. వీళ్ళను గుర్తించడం కష్టమన్న మాట కూడా నిలవదు. 2014 వీధి వ్యాపారుల చట్టం సర్వే చేసి గుర్తింపు కార్డులివ్వమని అప్పటికే చెప్పింది. అప్పు ఇవ్వడానికి సరిపోయిన జాబితా, మూసిన రోజుల భత్యం ఇవ్వడానికి ఎందుకు సరిపోదు?

కళాసీ ఆ జాబితాలోనూ లేడు, ఎందుకంటే అతను వ్యాపారి కాదు. అతని పేరు మీద మాత్రం వేరే చట్టముంది, 1976 నాటి ముఠా, జట్టు, హమాలీ కార్మికుల చట్టం. పని క్రమబద్ధం చేయడానికీ సంక్షేమానికీ అని దాని పేరులోనే ఉంది. 1969లో మహారాష్ట్ర మాథాడీ చట్టం తెచ్చి, బస్తా మోసేవాడి కూలికి అదనంగా వర్తకుల నుంచి సంక్షేమ రుసుము వసూలు చేసే బోర్డులు పెట్టింది. యజమాని ఎవరో తేలని పనికి కూడా సెలవు, వైద్యం, భవిష్యనిధి కట్టవచ్చని అక్కడ రుజువైంది. అంటే స్వయంగా బతికేవాడికీ, రోజుకో దుకాణంలో మోసేవాడికీ సామాజిక భద్రత అసాధ్యమన్న చివరి అభ్యంతరానికి అర్ధ శతాబ్దం కిందటే సమాధానం ఉంది. మన దగ్గర హమాలీ సంఘాలు సంక్షేమ బోర్డు కోసం ఇంకా అర్జీలు పెడుతూనే ఉన్నాయి.

ఇదే నగరంలో రెండు రకాల జ్వరాలున్నాయన్నది 2021 వేసవిలో కళ్ళకు కట్టింది. ఏప్రిల్ 22న విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి మొదటి ఆక్సిజన్ రైలు మహారాష్ట్రకు బయల్దేరింది. కర్మాగారాన్ని ప్రైవేటుకు అమ్మవద్దని ఆందోళన చేస్తున్న కార్మికులే ఆ ప్రాణవాయువును తయారుచేసి పంపారు. వ్యాధి వాళ్ళనూ వదల్లేదు. అయినా జబ్బుపడిన ఉక్కు ఉద్యోగికి సొంత ఆసుపత్రి ఉంది, జీతంతో సెలవు ఉంది. ఈఎస్ఐ పరిధిలోని చిన్న ఫ్యాక్టరీ కూలీకి కూడా అప్పటి 1948 చట్టం ప్రకారం ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో నూటికి 70 వంతులు వచ్చేది. ఆ సెలవు వాళ్ళు అదృష్టంతో పొందలేదు, సంఘం పెట్టుకుని పొందారు. మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండు తర్వాత కర్ఫ్యూ. మార్కెట్‌లో ఆ వేళకు మిగిలిన ఆకుకూర ఆ అమ్మకందారు పద్దులోనే పడింది. అంతకు ఏడాది ముందు, 2020 ఏప్రిల్ 22న, కేంద్రం 1897 చట్టాన్ని ఆర్డినెన్సుతో సవరించింది. వైద్య సిబ్బంది మీద దాడి చేసినవాళ్ళు పరిహారం కట్టాలని స్పష్టంగా రాసింది. చాలా అవసరమైన సవరణ అది. పాత కుండలీకరణాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.