ఫ్యాక్టరీ గేటు అవతలి ముసలితనం

పాలేరుకి రిటైర్మెంటు ఎప్పుడు? మాల మాదిగ వాడల్లో ఈ ప్రశ్న వేస్తే నవ్వుతారు. నడుం వంగేదాకా పని, వంగాక కొడుకు పంచన గంజి. విరమణ అనే మాట ఉద్యోగం ఉన్నోళ్లది. చట్టాల జాబితా చదివితే ఈ సంగతి కనపడదు, అవి ఎక్కడ గీత గీశాయో చూడాలి.

1952 నాటి ప్రావిడెంట్ ఫండ్ చట్టం మొదట ఆరు పరిశ్రమలకే వర్తించింది. సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు వస్తువులు, ఇనుము-ఉక్కు, కాగితం, బట్టలు. అందులోనూ 50 మంది, ఆపైన పనిచేసే ఫ్యాక్టరీలకే. 1960లో ఆ సంఖ్య 20కి దిగింది. తలకాయలు లెక్కపెట్టి గీసిన ఈ గీతలో కులం ఊసే లేదు. మరి గీత అవతల మిగిలింది ఎవరు? 1991 జనాభా లెక్కల నాటికి కూడా పనిచేసే దళితుల్లో దాదాపు సగం మంది వ్యవసాయ కూలీలే.

యజమాని వాటా కట్టాలంటే యజమాని ఎవరో తేలాలి గదా, రోజుకో ఆసామి చేలో చేసే కూలీకి ఎవరు కడతారు అని అడగొచ్చు. చిక్కు నిజమైనదే. కానీ ఇలాంటి చిక్కుని బీడీ కార్మికుల విషయంలో విప్పారు. 1977లో బీడీ పరిశ్రమని ఈ చట్టం కిందికి తెచ్చారు. ఆకూ తంబాకూ ఇంటికి తెచ్చుకుని చుట్టేవాళ్లు మా ఉద్యోగులే కాదని కంపెనీలు వాదించాయి. నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లో చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఆడవాళ్లంతా ఇలాంటివాళ్లే. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. చుట్టిన బీడీని బాగాలేదని పక్కన పారేసే అధికారం యజమానిదే గనక, ఇంట్లో చుట్టినా వాళ్లు ఉద్యోగులేనని 1985లో తీర్పొచ్చింది.

తర్వాత వచ్చిన పథకాలు యజమానిని వెతకడమే మానేశాయి. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పొదుపు సంఘాల మహిళలకి అభయహస్తం పెట్టింది. ఆమె రోజుకో రూపాయి, సర్కారు రోజుకో రూపాయి. 2010లో కేంద్రం స్వావలంబన్ తెచ్చింది, 2015లో అటల్ పెన్షన్ యోజన.

అటల్ లెక్క చూడండి. 60 ఏళ్లు నిండాక నెలకి 1000 రావాలంటే 18 ఏళ్లప్పుడు చేరినోడు నెలకి 42 చొప్పున 42 ఏళ్లు కట్టాలి, మొత్తం 21,168. 40 ఏళ్లకి చేరితే నెలకి 291 చొప్పున 20 ఏళ్లు, మొత్తం 69,840. వడ్డీ లెక్కలో తప్పు లేదు. కానీ 18 ఏళ్ల కూలీ పిల్లగాడి చేతిలో నెలనెలా మిగిలేదెంత? 40 దాటితే అసలు చేర్చుకోరు. పని దొరకని నెలలో వాయిదా తప్పితే పైన రుసుం. వచ్చే ఆ వెయ్యి ధరలతో పాటు పెరగదు కూడా.

అందుకే మన వాడల్లో పింఛను అంటే ఏమీ కట్టకుండా వచ్చే వృద్ధాప్య పింఛనే. 1995లో కేంద్రం దాన్ని 65 ఏళ్లు దాటిన దిక్కులేనివాళ్లకి నెలకి 75 రూపాయలతో మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 4000 ఇస్తున్నారు. దీన్ని ఉచితం అనేవాళ్లున్నారు. ఫ్యాక్టరీ కార్మికుడికి యజమాని కట్టే వాటాని మాత్రం ఎవరూ ఉచితం అనరు. కూలీ విషయంలో ఏ ఆసామీ కట్టని ఆ వాటానే ఇప్పుడు ఖజానా కడుతోంది. అందులో కేంద్రం ఇచ్చేది, 80 ఏళ్లు నిండని వాళ్లకి, నెలకి 200.